పుదుచ్చేరి తీర్పు: విశ్వాసమును ఆచారమును

క్రైస్తవ మతసారమును కొద్ది మాటలలో చెప్పవచ్చును. సర్వేశ్వరుడు ఒక్కడు; పిత, పుత్ర, పవిత్రాత్మలనెడి త్రిత్వమందును ఆయన ఒక్కడే. పుత్రుడు ఏసుక్రీస్తుగా మానవజన్మమెత్తి, జనుల పాపవిమోచనమునకై సిలువపై మరణించి, మూడవనాడు పునరుత్థానము చెందెను. జ్ఞానస్నానముచే మానవుడు ఆ మతమున చేరును. దివ్యసత్ప్రసాదముచే క్రీస్తుతో ఐక్యమొందును. ఈ సారము ఒక క్రొత్త దేశమున అడుగిడినప్పుడు అచటి ఆచారములలో దేనిని స్వీకరింపవలెను, దేనిని విడువవలెను? ఈ ప్రశ్నకు 1704లో పుదుచ్చేరిలో ఒక తీర్పు వెలువడెను. తెలుగు సీమకును దానితో సంబంధము కలదు.

పుదుచ్చేరి నాడు ఫ్రెంచివారి రేవుపట్టణము. అచటి జెస్విట్ గురువులు నడపిన కర్ణాటక మిషను పుంగనూరు, కృష్ణాపురము మొదలగు తెలుగు తావులకు వ్యాపించెను. మధురలో రాబర్టు డి నొబిలి చూపిన త్రోవను వారు కాషాయము ధరించి, మాంసము విడిచి, సన్న్యాసులవలె మెలగిరి. తెలుగును, సంస్కృతమును అభ్యసించిరి.

1703 నవంబరులో, చీనాకు పోవుచున్న పోపు ప్రతినిధి తుర్నాన్ పుదుచ్చేరిలో దిగెను. మరుసటి యేడు జూన్ 23వ తేదీతో ఆయన ఒక శాసనము చేసెను. జ్ఞానస్నానవేళ ఉప్పును, ఉమ్మిని వాడుట మానరాదు. పిళ్ళైయారు ప్రతిమ గల తాళి కట్టరాదు. ఆవుపేడ బూడిదను నుదుట ధరింపరాదు. ఋతుమతులను దేవాలయమునకు రాకుండ అడ్డరాదు. పరయల ఇండ్లలో రోగులున్నచో గురువు స్వయముగా పోయి సంస్కారములు ఒసగవలెను.

ఈ విధులన్నియు ఒక్క తూనికవి కావు. ఉప్పు, ఉమ్మి రోమునగర సంప్రదాయములు. ఒకచోటి ఆచారమును మరియొకచోట విధిగా నిలుపుటయే అది. తాళిమీది ప్రతిమ ఏకేశ్వర విశ్వాసమునకు సంబంధించినది. రోగియింటి గడప మాటయో, మతహృదయమునకే చెందినది. జ్ఞానస్నానము పొందినవారెల్ల ఒక్క తండ్రి బిడ్డలైనచో, గురువు ఆ గడప దాటక తప్పదు.

1744లో పోపు పదునాలుగవ బెనెడిక్టు ఈ శాసనమును స్థిరపరచెను. మరుసటి యేడే పుదుచ్చేరి దేవాలయములో, పరయలను వేరుగా కూర్చుండబెట్టు గోడపై వివాదము రేగెను. తాము నిజముగ శిష్యులమే యైనచో ఈ గోడ యేల అని వారు గుంపుగా వచ్చి అడుగగా, గురువు దానిని కూల్పించెను. ఈ ఉదంతమును తన దినచర్యలో వ్రాసినవాడు ఆనందరంగ పిళ్ళై. కస్తూరి రంగకవి ఆనందరంగరాట్ఛందమునకు కృతిపతిగా మనము ఎరిగినవాడే.

ఈ ఆచారములను అనుసరింపమని గురువులు చేయవలసిన ప్రమాణమును రోము 1940లో తొలగించెను. రెండవ వాటికను మహాసభ (1962-65) దేశభాషలలో పూజకు అనుమతించెను. వేషభాషల తగవు అట్లు తీరెను. త్రిత్వమునకు, జ్ఞానస్నానమునకు తెలుగు పలుకులు సులువుగనే దొరకినవి. గడప దాటుటయే కష్టమాయెను. కులభేదము క్రైస్తవ సంఘములను నేటికిని విడిచిపోలేదు.