అమీరు అబ్దుల్ ఖాదిరును క్రైస్తవులును

పరమతస్థుఁ డొకఁడు మనకు మేలు చేసినపుడు మన నోట సాధారణముగా వెలువడు వాక్య మొకటి కలదు: "ఆయన వేఱు మతమువాఁడైనను మంచివాఁడు." ఈ వాక్యమున మెప్పున్నది, కాని ఆ మెప్పులోనే యొక యవమానమును దాఁగియున్నది. 'ఐనను' అను నా చిన్నమాట యేమి చెప్పుచున్నది? ఆ మతమునందు మంచితన మూహింపరానిదనియు, ఈతఁడు తన మతమును మీఱి మంచివాఁడైనాఁడనియు చెప్పుచున్నది. చేసిన మేలును గైకొని, ఆ మేలు పుట్టిన తావును నిందించుట యన్నమాట. ఇట్టి మెప్పు న్యాయమగునా యని విచారించుటకు పందొమ్మిదవ శతాబ్దమున అల్జీరియా, ఫ్రాన్సు, సిరియా దేశములలో నడచిన యొక చరిత్రము మిగుల నుపకరించును. దాని నిచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ఫ్రెంచి సైన్యము 1830 వ సంవత్సరమున అల్జీరియా తీరమున దిగినది. రెండేండ్లకు, అనఁగా 1832 లో, పశ్చిమభాగమందలి తెగలవారు మస్కరా ప్రాంతపు యువకు నొకనిని తమ అమీరుగా నెన్నుకొనిరి. ఆతఁడే అబ్దుల్ ఖాదిరు. అప్పటి కాతని కిరువదియైదేండ్లు దాఁటలేదు. తండ్రి ఖాదిరియా యను సూఫీ సంప్రదాయమున పెద్ద. కుమారుఁడు చిన్ననాఁటనే ఖురాను నేర్చి, తండ్రితోఁ గూడ మక్కాయాత్ర చేసి, బాగ్దాదు నగరమున తమ సంప్రదాయ మూలపురుషుని సమాధిని దర్శించి వచ్చినవాఁడు. పుస్తకములే యాతనికి ప్రియములు. అట్టివాఁడు పదునైదేండ్లకాలము ఐరోపాయందలి ప్రబలసైన్యములలో నొకదాని నెదిరించి నిలిచెను.

ఆ యుద్ధ మతిక్రూరమైనది. 1845 లో ఫ్రెంచిసేనాని యొకఁడు దహ్రా కొండగుహలలో తలదాఁచుకొన్న వందలకొలఁది జనులను, స్త్రీలు బిడ్డలని యెంచక, గుహల వాకిళ్లయొద్ద మంటలు వేయించి పొగచే చంపించెను. ఇటువైపునను శత్రువుల తలలు తెచ్చుట వీరకార్యముగా నెంచు నాచార ముండెను. అమీరు దానిని నిషేధించి, పట్టుపడినవారిని ప్రాణములతో తెచ్చినవారికే బహుమానమని శాసించెను. చెఱపట్టఁబడిన స్త్రీలను ఆతని తల్లి లల్లా జొహ్రా తన సంరక్షణమున నుంచుకొనుచుండెను. ఐనను ఆతని పక్షమున మచ్చయే లేదని చెప్పుట చరిత్రధర్మము కాదు. 1846 లో ఆతఁడు దూరమున నున్నకాలమున ఆతని శిబిరమందలి ఫ్రెంచి బందీలు చంపఁబడిరి. ఈ సంగతిని దాఁచి యాతని గుణములను కీర్తింప నవసరము లేదు.

అల్జీర్సు నగరమునకు 1838 లో మొదటి బిషప్పుగా వచ్చినవాఁడు ఆంత్వాను ద్యుపుషు అనునాయన. ఫ్రెంచి స్త్రీ యొకతె తన భర్త అమీరు చెఱలో నున్నాఁడని యాయన పాదములఁ బడి యేడ్చెను. బిషప్పు అమీరున కొక లేఖ వ్రాసి, ఆ యొక్కని విడిచిపెట్టుమని దీనముగా వేఁడుకొనెను. ప్రత్యుత్తరము వచ్చినది. దాని సారాంశ మిది: బిషప్పు దేవుని సేవకుఁడును మనుష్యుల మిత్రుఁడును నైనయెడల, ఒక్కని విడుదలనే యేల యడుగవలెను? చెఱలోనున్న క్రైస్తవు లందఱి విడుదలను అడుగవలసినది గదా! అంతేగాక, ఫ్రెంచివారి చెఱలో వాడిపోవుచున్న మహమ్మదీయులకును ఆ దయనే చూపవలసినది గదా!

ఈ యుత్తరము బిషప్పు హృదయమును తాఁకినది. ఆయన తనవారియొద్ద గట్టిగా ప్రయత్నింపఁగా 1841 లో ఉభయపక్షముల బందీలును పెక్కండ్రు విడుదలైరి. ఇచ్చట మనము గమనింపవలసినది బందీల మార్పిడి మాత్రమే కాదు. బిషప్పు తన మతధర్మము ననుసరించియే దయ చూపఁబూనెను. కాని ఆ దయ యెంతదూరము పోవలెనో, ఏ యెల్లను దాఁటవలెనో ఆయనకు చూపినవాఁడు పరమతస్థుఁడు. అందును యుద్ధభూమియందలి శత్రువు. ఆయన మతమును విడువుమని అమీరు చెప్పలేదు. ఆయన మతమును సంపూర్ణముగా నాచరింపుమని చెప్పెను. బిషప్పును ఆ మాటను శత్రువు మాటయని త్రోయక, గురువు మాటవలె గైకొనెను. వారిరువురి మైత్రికి పునాది యిదియే.

1847 డిసెంబరులో అమీరు లొంగిపోయెను. తన్ను తనవారిని తూర్పుదేశములందలి మహమ్మదీయ నగరమునకు పంపుదుమని ఫ్రెంచి సేనాపతులు మాట యిచ్చిరి. ఆ మాట నిలువలేదు. తల్లి, భార్యలు, బిడ్డలు, అనుచరులు సహా యాతనిని ఫ్రాన్సునకుఁ గొనిపోయి, మొదట తూలోను కోటయందును, పిదప పో నగరమందును, 1848 నవంబరునుండి ఆంబ్వాజు కోటయందును నిర్బంధించిరి. చలికిని దిగులునకును తాళలేక ఆతనివారిలో ఇరువదిమందికిఁ బైగా ఆంబ్వాజుననే మరణించిరి. వారి సమాధులు కోటతోఁటలో నున్నవి.

ఇట్టి దుస్థితిలో ఆతనిని వెదకికొని వచ్చినవారిలో ద్యుపుషు ఒకఁడు. ఆయన స్థితియు బాగుగ లేదు. అల్జీర్సులో ధర్మకార్యములకు చేయిదాఁటి వ్యయపెట్టి, అప్పులలో మునిఁగి, పదవిని వదలుకొన్న కాల మది. అయినను తన పాతశత్రువునకు తన దేశము చేసిన మాటతప్పుటను చూచి యూరకుండలేకపోయెను. చెఱయందలి అమీరును దర్శించి, సంభాషించి, ఆతని శీలమును వర్ణించుచు, ఇచ్చిన మాట నిలుపుకొమ్మని ప్రార్థించుచు, 1849 లో ఒక గ్రంథమును ప్రకటించి, దేశాధ్యక్షుఁడైన లూయీ నెపోలియనున కంకిత మొనర్చెను. 1852 లో ఆ లూయీ నెపోలియనే స్వయముగా ఆంబ్వాజునకు వచ్చి విడుదల ప్రకటించెను. ఒకనాఁడు అమీరు బిషప్పునకు నేర్పిన పాఠమును బిషప్పు ఇట్లు తీర్చుకొనెను.

అమీరు మొదట తురుష్క దేశమందలి బుర్సా నగరమున నుండి, 1855 లో దమస్కునకుఁ జేరెను. వెంట అల్జీరియా వీరులు పలువురు వచ్చిరి. అచ్చట ఆతఁడు ధర్మశాస్త్రములు బోధించుచు, ఇబ్ను అరబీ గ్రంథములను విచారించుచు కాలము గడపుచుండెను. ఇఁక యుద్ధములతో పని లేదని తలంచియుండును.

కాని కాలము వేఱుగ నుండెను. 1856 లో తురుష్క సుల్తాను తన ప్రజలందఱును, ఏ మతమువారైనను, సమానులేయని శాసన మొనర్చెను. చిరకాలముగా పైస్థాన మనుభవించినవారికి ఇది మింగుడుపడలేదు. ఐరోపా వర్తకముచే క్రైస్తవులలో కొందఱు ధనికులైరి, పాతవృత్తులవారు చితికిరి. ఐరోపా రాజ్యములు ఒక్కొక్క మతశాఖను తమ చేతిక్రిందఁ బెట్టుకొని రాజకీయము నడపుచుండెను. సైనికసేవకు బదులు చెల్లింపవలసిన పన్ను విషయమున తగవులు పుట్టెను. 1860 వేసవిలో లెబనాను కొండలయందు డ్రూజులకును మారొనైటు క్రైస్తవులకును ఘోరమైన పోరు జరిగి, ఆ వార్తలతో పాటు కాందిశీకులును దమస్కునకు వచ్చి పడిరి. అమీరు రానున్న విపత్తును గ్రహించి గవర్నరు అహమ్మదు పాషాను ముందుగనే హెచ్చరించెను, ఫలము లేకపోయెను. ఫ్రెంచి కాన్సలు సాయముతో తన యల్జీరియనులకు ఆయుధములు సంపాదించుకొనెను. తనతో పదునైదేండ్లు పోరాడిన రాజ్యపు ప్రతినిధియే యిపు డాతనిని నమ్మి యాయుధము లిప్పించెను!

జూలై 9 వ తేదీన కొందఱు మహమ్మదీయ బాలురు వీధులలో సిలువలు గీసి క్రైస్తవులను గేలిచేసిరను నేరమునకు, అధికారులు వారిని సంకెళ్లతో తెచ్చి క్రైస్తవుల వాడలో వీధు లూడ్పింపఁ జూచిరి. ఊరు భగ్గుమనెను. ఎనిమిది దినములు హత్యలును, దోఁపిళ్లును, గృహదహనములును జరిగినవి. వేలకొలఁది క్రైస్తవులు మడిసిరి. గవర్నరు సైన్యము అడ్డుపడలేదు.

అమీరు తన యనుచరులతో ఆ మంటలలోనికిఁ బోయెను. వారు వీధివీధి తిరిగి, దాఁగినవారిని పిలిచి, కాపాడుకొని తెచ్చిరి. కాన్సలులు, క్రైస్తవ సన్యాసినులు, వారి పోషణమందలి యనాథబాలలు, పేరులేని పేదసాదలు ఆతని యింట చేరిరి. ఇల్లు నిండఁగా, వారిని గుంపులుగా నగరపు కోటకు పంపి, మరల కొత్తవారిని చేర్చుకొనెను. ఒక్కొక్క క్రైస్తవుని సజీవముగా తెచ్చినవారికి 50 పియాస్త్రుల చొప్పున నిచ్చునట్లు చాటించెను. అల్జీరియాలో బందీల విషయమున చేసిన శాసనమే యిచ్చట మరల కనఁబడుచున్నది. అల్లరిమూఁక వాకిటికి వచ్చి క్రైస్తవుల నప్పగింపు మనఁగా, తనవారిలో నొక్కఁడు బ్రతికియున్నంతవఱకు వారిని ముట్టలేరని చెప్పి నిలిచెను. ఇట్లు రక్షింపఁబడినవారు 12,000 మందియని కొందఱు లెక్కించిరి. వేలకొలఁది యనుటలో సందేహము లేదు. గాయపడి చావునకు సిద్ధమైన మిఖాయీలు మిషాఖా యను క్రైస్తవ వైద్యుఁడును అమీరు మనుష్యులవలన బ్రతికి, 1873 లో ఆ కాలపు చరిత్రమును వ్రాసెను.

ఇది యొక్కని కార్యమే యనుకొనుటయు పొరపాటు. మిదాను అను నగరభాగమందలి మహమ్మదీయ పెద్దలు తమ యిరుగుపొరుగు క్రైస్తవులను తామే కాపాడి, ఆ వాడలో హత్యలు జరుగనీయలేదు. పేరు చరిత్రకెక్కని గృహస్థులు పెక్కండ్రు తమ యిండ్ల తలుపులు తెఱచిరి.

తరువాత ఐరోపా యమెరికా ఖండములనుండి అమీరునకు గౌరవములు వచ్చినవి. ఫ్రాన్సు తన యున్నతబిరుదము నిచ్చెను; అమెరికా యధ్యక్షుఁడు లింకను పిస్తోళ్ల జత పంపెను. కాని ఆ మెప్పులలో తఱచుగా మన 'ఐనను' వినఁబడినది. మహమ్మదీయుఁడైనను ఎంత దయ యని పలువు రచ్చెరువందిరి. అమీరు ఈ మెప్పు నంగీకరింపలేదు. ద్యుపుషు తరువాత అల్జీర్సు బిషప్పైన పావీకి 1862 లో వ్రాయుచు, తాను చేసినది తన మతశాసనమునకును మానవధర్మమునకును లోఁబడియే చేసితినని తెలిపెను. రష్యాతో పోరి చెఱపడిన కాకససు వీరుఁడు, ఇమాము షామిలు, ఆతని కభినందనలేఖ వ్రాసి, ధర్మము నతిక్రమించినవారు ఆ హంతకులేయని తన యభిప్రాయమును తెలిపెను. మతమునకు దూరమైనవారెవరు, దగ్గఱ యైనవారెవరు అను ప్రశ్నకు ఆ ఇరువురును ఇచ్చిన సమాధాన మిది.

ఇచ్చట నొక యాక్షేపము రావచ్చును. తలుపు తెఱచిన పుణ్యమును మతమునకు జమకట్టినచో, ఇండ్లు కాల్చిన పాపమును దానిఖాతాలోనే వ్రాయవలదా యని. ప్రశ్న న్యాయమైనదే. కాని పైని చూపిన కారణములను గమనింపుఁడు: పన్ను తగవు, వృత్తినాశము, పోయిన పెద్దఱికము, పరరాజ్యముల పన్నాగములు. వీనినుండి పుట్టిన కసి మతము పేరు చెప్పుకొని వీధిని పడినది. అమీరునకును మాన్యత, దేశము, స్వాతంత్ర్యము పోయినవి. క్రైస్తవ రాజ్యము మాట తప్పి యాతనిని చెఱపట్టినది. పగ కాతనికున్నంత కారణము దమస్కులో మఱి యెవ్వరికిని లేదు. ఆ పగను నిరపరాధుల మీఁద తీర్పకుండ నాఁపినది ఆతని విశ్వాసమే. ఒకే మతము పేరు చెప్పువారిలో ఎవఁడు దాని యాజ్ఞకు తాను లోఁబడెనో, ఎవఁడు తన కసికి దానిని లోఁబఱచెనో వేఱుపఱచి చూడవలెను. ఇది పరమతముల విషయముననే కాదు, మన మతము విషయమునను చేయవలసిన పరీక్ష.

పరమతస్థుని దయ మనకు వింతగాఁ దోఁచుటకు కారణము ఆతని మతమందున్న కొఱఁత కాదు. ఆ మతమునుగూర్చి మనము ముందుగా నేర్పఱచుకొన్న తలంపు. ద్యుపుషు ఒక లేఖతో ఆ తలంపును దులిపివేసికొనఁగలిగెను. కనుకనే కష్టకాలమున ఆతఁ డమీరునకు మిత్రుఁడయ్యెను. మనమును కనీసము మాటలోనైనను ఈ మార్పు చేసికొందముగాక. మేలుచేసిన యన్యమతస్థుని గూర్చి 'ఐనను' అనుటకు బదులు, 'ఆయన తన ధర్మమును చక్కఁగా నెఱిఁగినవాఁడు, కనుకనే మంచివాఁడు' అని చెప్ప నేర్తుమేని, మెప్పు నిజమైన మెప్పగును. ఇరుగుపొరుగు మతములవారి నడుమ మైత్రికి చోటు దొరకును.