వీల్‌చైర్ కారు డిక్కీలోకి ఎలా ఎక్కింది?

ఈరోజు ఎపిసోడ్ మా బాబాయి పుణ్యం.

యాక్సిడెంట్‌లో వెన్నెముక దెబ్బతిన్నప్పటి నుంచి బాబాయి వీల్‌చైర్ వాడుతున్నాడు. పోయినేడాది అందరం కలిసి వైజాగ్ వెళ్లాం. ప్లానింగ్ అంతా నాదే. హోటల్‌కి ఫోన్ చేసి "వీల్‌చైర్ వస్తుందా అండీ?" అనడిగా. "వస్తుంది సార్, లిఫ్ట్ ఉంది" అన్నారు. నిజమే, రూమ్ దాకా వచ్చింది. బాత్రూమ్ దగ్గర ఆగిపోయింది. తలుపు 24 అంగుళాలు, కుర్చీ 26. ఆ రెండంగుళాల కోసం రెండు రోజులు ఆయన్ని చేతులమీద మోసుకెళ్లాం. రెండో రోజు బాబాయి మంచినీళ్లు తాగడం తగ్గించేశాడు. ఎందుకో అర్థమయ్యాక నాకు ముద్ద దిగలేదు.

తిరిగొస్తుంటే ఒకే మాట అన్నాడు. "అన్నీ అడిగావురా, నన్ను తప్ప."

ఆ మాట పట్టుకుని వీల్‌చైర్ చరిత్ర చదవడం మొదలుపెట్టా. చదివేకొద్దీ ఒకటి కనిపించింది. ఈ కుర్చీ మారిన ప్రతి పెద్ద మలుపులో, అందులో కూర్చునే మనిషే ఉన్నాడు.

1655లో జర్మనీలోని నూరెంబర్గ్ ప్రాంతంలో స్టీఫన్ ఫార్‌ఫ్లర్ అనే గడియారాల పనివాడు ఉండేవాడు. నడవలేడు. మూడు చక్రాల బండి ఒకటి తనే తయారు చేసుకున్నాడు. చేత్తో హ్యాండిల్ తిప్పితే పళ్ల చక్రాలు తిరిగి బండి ముందుకెళ్తుంది. ఎవరూ తోయక్కర్లేదు.

అమెరికా ప్రెసిడెంట్ ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ కథ తెలుసా? 1921లో, 39 ఏళ్ల వయసులో, జబ్బు చేసి కాళ్లు చచ్చుబడ్డాయి. అప్పటి వీల్‌చైర్లు పెద్దవి, బరువైనవి. అందుకని ఆయన మామూలు చెక్క కుర్చీకే చిన్న చక్రాలు బిగించుకున్నాడు. సన్నగా ఉంటే ఇరుకు సందుల్లోంచి కూడా పోతుంది కదా. వైజాగ్‌లో మాకు కావాల్సింది అదే!

కానీ అసలు మలుపు 1930లలో వచ్చింది. హెర్బర్ట్ ఎవరెస్ట్ ఒక మైనింగ్ ఇంజినీర్. 1918లో గని ప్రమాదంలో నడుము విరిగింది. ఆయన బాధ ఏంటంటే, అప్పటికే కార్లు వచ్చేశాయి, కానీ కుర్చీ కార్లో పట్టదు. కుర్చీ లేకుండా వెళ్తే, దిగిన చోట ఏం చేయాలి? స్నేహితుడు హ్యారీ జెన్నింగ్స్ మెకానికల్ ఇంజినీర్. ఇద్దరూ కలిసి 1933 ప్రాంతంలో మడతపెట్టే స్టీల్ వీల్‌చైర్ తయారు చేశారు.

నేను బీటెక్ మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డవాణ్ని, కాబట్టి ఈ ఒక్కటీ చెప్పనివ్వండి. సీటు కింద రెండు గొట్టాలు ఇంటూ మార్కులా ఉంటాయి, మధ్యలో ఒక బోల్టు. సీటు గుడ్డది. దాన్ని పైకి లాగితే కత్తెర మూసుకున్నట్టు రెండు వైపులా దగ్గరికొచ్చేస్తాయి. అంతే! మన ఆసుపత్రుల్లో కనిపించే మడత వీల్‌చైర్లలో ఇప్పటికీ ఇదే లెక్క.

తర్వాత వాళ్ల కంపెనీ మార్కెట్‌ని ఏలింది. ఏలడం మొదలయ్యాక కొత్తది చేయాల్సిన తొందర ఎవరికుంటుంది? దశాబ్దాల పాటు కుర్చీ దాదాపు అలాగే ఉండిపోయింది, 20 కిలోల పైన బరువుతో. చివరికి 1977లో ధరల విషయమై అమెరికా ప్రభుత్వమే కేసు వేసింది.

మరుసటి ఏడాది, 1978లో, కాలిఫోర్నియాలో మ్యారిలిన్ హామిల్టన్ అనే అమ్మాయి హ్యాంగ్ గ్లైడర్ మీంచి పడి నడుము విరగ్గొట్టుకుంది. ఆసుపత్రి ఇచ్చిన ఇనుప కుర్చీ ఆమెకి నచ్చలేదు. గ్లైడర్లు తయారు చేసే ఇద్దరు ఫ్రెండ్స్‌ని పిలిచి, మీరు వాడే అల్యూమినియం గొట్టాలతోనే నాకో కుర్చీ చేయండి అంది. బరువు దాదాపు 12 కిలోలకి దిగింది. రంగులు కూడా వచ్చాయి. అదే 'క్విక్కీ' బ్రాండ్.

తర్వాత చట్టాలొచ్చాయి. విమాన ప్రయాణంలో వివక్ష చూపకూడదని అమెరికాలో 1986లో, మనకి 2016లో దివ్యాంగుల హక్కుల చట్టం. కానీ చట్టం వచ్చినంత మాత్రాన బాత్రూమ్ తలుపు వెడల్పవ్వదు కదా. అందుకే మొన్న రెండో ట్రిప్‌కి లిస్టు బాబాయే చెప్పాడు, నేను రాసుకున్నా.

ఒకటి, "వీల్‌చైర్ వస్తుందా" అని అడగొద్దు. టేపు పెట్టి కొలిచి, బాత్రూమ్ తలుపు ఫొటో వాట్సాప్ చేయమనాలి. రెండు, కుర్చీ లగేజీలోకి వెళ్తే కుషన్, ఊడొచ్చే ఫుట్‌రెస్టులు మన దగ్గరే ఉంచుకోవాలి. కుషన్ పోతే ఒంటికి పుండ్లు పడే ప్రమాదం. మూడు, అప్పగించే ముందు నాలుగు వైపులా ఫొటోలు తీయాలి, దెబ్బ తగిలితే అదే సాక్ష్యం. నాలుగు, పంక్చర్ కిట్, అలెన్ కీలు బ్యాగులో పడేయాలి. అయితే ఫ్లైట్‌కి అలాంటి పనిముట్లు చెకిన్ బ్యాగులోనే. ఐదు, బ్యాటరీ కుర్చీ అయితే అది ఏ రకం బ్యాటరీయో ఎయిర్‌లైన్స్‌కి ముందే చెప్పాలి.

ఇవి మా బాబాయి లెక్కలు. మీ ఇంట్లో మనిషి లెక్కలు వేరేగా ఉంటాయి. గూగుల్ చేసే ముందు వాళ్ల పక్కన కూర్చుని అడగండి.

అన్నట్టు, రెండో ట్రిప్‌లో బాబాయి నీళ్ల బాటిల్ రెండుసార్లు నింపించుకున్నాడు.

ఉంటా మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.