ఒక గ్రీకు పదము - తెలుగు అనువాదకులు

క్రైస్తవుల క్రొత్త నిబంధన గ్రీకు మూలములో ‘ఎయికోన్’ అను పదము 23 మారులు వచ్చును. 1611 నాటి ఆంగ్లానువాదకులు ఆ 23 చోట్లను ఒకే మాటతో నడిపిరి. మన తెలుగు బైబిలులో అట్లు కాదు. నాణెముమీది చక్రవర్తి ముఖమైనప్పుడు అది ‘రూపము’. క్రీస్తును గూర్చి చెప్పినప్పుడు ‘స్వరూపి’. మనుష్యుని గూర్చి చెప్పినప్పుడు ‘పోలిక’. ప్రకటన గ్రంథమున క్రూరమృగమునకు నిలిపినదైనప్పుడు ‘ప్రతిమ’. హెబ్రీయులకు వ్రాసిన లేఖలో ఛాయకు ఎదురుగా నిలిచినప్పుడు ‘నిజస్వరూపము’. ఇది అజాగ్రత్త యని తేల్చివేయుట సులభమే కాని, నాకట్లు తోచదు. మాటలు ముందే వేరొకరి యింట కాపురముండగా వానిని క్రొత్త పనికి పిలువవలసి వచ్చినవాని చిక్కు ఇందులో నున్నది.

ఆ పని తెలుగులో పాతదే. 1719లో తరంగంబాడికి వచ్చి, 1728లో చెన్నపట్టణము చేరిన జర్మను మిషనరీ బెంజమిన్ షుల్జ్ బైబిలును తెలుగు చేసెను. ఆ ప్రతి అచ్చునకు నోచుకొనలేదు. 1805లో విశాఖపట్టణము చేరిన లండన్ మిషనరీ సంఘమువారు జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ మరల మొదటినుండి ఆరంభించిరి. ఆనందరాయర్ అను బ్రాహ్మణ క్రైస్తవుడు వారికి తోడుపడెను. క్రాన్ 1809లోను, డెగ్రాంజెస్ 1810లోను గతించిరి. వారు సిద్ధపరచిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సీరాంపూరున అచ్చయ్యెను. ఎయికోన్ ఈ సువార్తలలో కనబడునది పన్ను నాణెము కథలో మాత్రమే. ఆ కథ మూడింటను కలదు. కనుక తెలుగు అచ్చులో ఈ పదము మొదట ఎదురైనది దేవునియందు కాదు, మనుష్యునియందు కాదు, రోము రూకమీద!

ఆ రూక మనకు పరాయిది కూడ కాదు. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో అగస్టస్, టిబెరియస్ చక్రవర్తుల వెండి దీనారములు దొరికినవి. సువార్తలో చేత బట్టి చూపినది టిబెరియస్ నాణెమే యని పండితుల అభిప్రాయము. రాజు ముఖమును వెండిమీద ముద్రించుట మన శాతవాహనులును ఎరిగిన పద్ధతియే. ఢిల్లీ జాతీయ ప్రదర్శనశాలలో భారతదేశ యవనరాజుల నాణెములను చూచినవారికి, ఒక వైపు గ్రీకు లిపి, రెండవ వైపు ఖరోష్ఠి, నడుమ రాజు ముఖము, ఈ మూడును కలిసి ఏమి చెప్పుచున్నవో వివరింపనక్కరలేదు. ఇది చెల్లునంత దూరము నా ఏలుబడి యని రాజు చెప్పుచున్నాడు.

గ్రీకున ఆ పదమునకు ధాతువు ‘పోలియుండుట’ అను అర్థము కలది. ప్లేటో దానిని నీడలకు, నీటిలోని ప్రతిబింబములకు వాడెను. అతడే టిమాయస్ సంవాదపు ముగింపున ఈ జగత్తంతయు బుద్ధిగమ్యుడైన దేవుని ఎయికోన్ అనెను. అనగా ఒకే మాట నీడవలె తక్కువదియు కాగలదు, దైవమునకు సాక్షియు కాగలదు. అలెగ్జాండ్రియా యూదులు ఆదికాండమును గ్రీకులోనికి తెచ్చినప్పుడు, నరుని సృష్టినిగూర్చిన వాక్యమున హెబ్రీ ‘త్సెలెమ్’కు ఈ పదమునే పెట్టిరి. దాని ప్రక్కనున్న ‘దెమూత్’ పోలిక. ఈ రెంటికి భేదమేమని ఐరెనేయస్ మొదలు ఎందరో తర్కించిరి. 1979లో సిరియాలోని తెల్ ఫెఖెరియెలో బయటపడిన, క్రీస్తుకు పూర్వము తొమ్మిదవ శతాబ్దిదిగా ఎంచబడిన రాజవిగ్రహము ఆ తర్కమును కొంత సడలించినది. దానిమీది అరమేయిక శాసనము ఒకే శిలామూర్తిని ఆ రెండు మాటలతోను పేర్కొనుచున్నది. రాజు లేనిచోట రాజుగా నిలుచునది, అతని అధికారమును మోయునది: ఆదికాండపు మాటకు వెనుకనున్న భావన ఇదియే కావచ్చును. మన ఆలయములలో మూలవిరాట్టు గర్భగుడి దాటదు, ఉత్సవమూర్తి వీధులలోనికి వచ్చును. ఈ వాడుక ఎరిగిన తెలుగువానికి ఆ భావన ఏమంత దూరము? కాని మిషనరీలు ఆ వాకిటికి పోజాలరు. పోకుండుటకు వారి కారణములు వారికి కలవు.

అందుచేత వారు ‘స్వరూపము’ను ఆశ్రయించిరి. ఆ మాటలో ‘స్వ’ యున్నది. తన రూపమే స్వరూపము. వేదాంతులు స్వరూపలక్షణమనునది వస్తువు యొక్క నిజతత్త్వమును. ఎయికోన్ అట్లుగాదు, దానికి వెనుక మరియొకటి ఉండితీరవలెను. క్రీస్తును గూర్చి స్వరూపి యనుటలో దోషమంతగా లేదు, వారి మతమున కుమారుడు తండ్రితో ఏకతత్త్వముగలవాడు గదా. నరునిగూర్చి అదే మాట వాడగా అద్వైతము చదివిన తెలుగు పాఠకుడు మూలము చెప్పని దానిని వినును. మరియొక చిక్కు: ఫిలిప్పీయులకు వ్రాసిన లేఖలో ‘మోర్ఫే’ అను వేరొక గ్రీకు పదమునకును ‘స్వరూపము’నే పెట్టిరి. కొన్నిచోట్ల ఒకటి పలువిధములైనది, ఇక్కడ రెండు ఒకటైనవి. రోమీయులకు వ్రాసిన లేఖలోని ‘సారూప్యము’ వైష్ణవులకు ముక్తిభేదములలో ఒకటి. ఆ ఎంపిక మాత్రము నాకు మెచ్చదగినదిగానే తోచును. ఇక ‘ప్రతిమ’. ఒకదానికి ప్రతిగా కొలిచినది అను వ్యుత్పత్తిచేత మూలపదమునకు మిక్కిలి దగ్గర. పరమాత్మకు ప్రతిమ లేదని శ్వేతాశ్వతరోపనిషత్తు కూడ చెప్పినది. ఆ మంచి మాట మృగము పాలైనది.

నా మట్టుకు ‘పోలిక’ అన్నిటికంటె సమర్థమైనది. పండితుల మాట కాదు, పురిటింటి మాట. బిడ్డను చూచి తండ్రి పోలిక యనువారు బిడ్డయే తండ్రి యనరు, తండ్రికి పరాయి యనియు అనరు. ఆదికాండములోనే ఆదాము కుమారుడైన షేతును గూర్చి ఈ పదములే వచ్చుట గమనింపదగినది. 1878 జూలై 3న ఒంగోలు సమీపమున గుండ్లకమ్మ యొడ్డున 2,222 మంది ఒకేదినమున బాప్తిస్మము పొందిరి. వారిలో ఎక్కువమంది మాదిగలు. కరవులో అన్నమునకై వచ్చిరని తేలికగా చెప్పుట కలదు. కాని మిషనరీ క్లౌ కరవు కాలమున బకింగ్‌హామ్ కాలువపై కూలిపని కల్పించి, బాప్తిస్మములను నిలిపివేసి యుండెను. ఆలయములోని మూర్తిని చూచు అధికారము లేని వారికి, నీవే దేవుని పోలిక యను మాట వ్యాకరణచర్చ కాదు.

అయినను పోలికను నాణెముమీదికి తేలేము. చక్రవర్తి ముఖమున్న రూక చక్రవర్తిది, దేవుని ముద్రయున్న మనుష్యుడు దేవునిది అని టెర్టూలియన్ ఆ కథకు చెప్పిన భాష్యము ఒకే పదము రెండుచోట్ల ఉండుటపై ఆధారపడినది. తెలుగున రూపమునకు, పోలికకు నడుమ ఆ దారము తెగినది. నాణెమెగురవేసి మన పిల్లలు బొమ్మా బొరుసా యందురు. రూకకు, మృగమునకు ‘బొమ్మ’ చక్కగా సరిపోవును. కొలొస్సయులకు వ్రాసిన లేఖలో మాత్రము దానిని పెట్టుటకు ఏ అనువాదకునికి చేయి రాదు.