రంగుటద్దములలో మన విశ్వాసప్రమాణము

మీరు నమ్మునదేమని ఝరాసంగములో మన పొరుగువారు అడిగినయెడల మనమేమి ఉత్తరమియ్యగలము?

1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంప్రదాయములవారు తమ భేదములతోనే ఏకమైరి. పరిశుద్ధ లేఖనములు, అపొస్తలుల విశ్వాసప్రమాణము, నీకయ విశ్వాసప్రమాణము, బాప్తిస్మము, ప్రభురాత్రి భోజనము, బిషప్పుల పరిచర్య: వీటినే పునాదిగా ఉంచుకొనిరి. తక్కిన ఆచారములు మారవచ్చును, పునాది మారరాదు.

అక్షరము రాని మన పెద్దలు ఈ ప్రమాణమును చెవితో విని కంఠస్థము చేసిరి. కంటితో చూచుటకు మెదకు కెథడ్రల్ ఉన్నది. కరవు దినములలో పనియు అన్నమును కల్పించుచు పాస్నెట్ దొరగారు కట్టించిన ఆ మందిరము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. దాని రంగుటద్దముల కిటికీలలో 1927లో అమర్చినది ఆరోహణము, 1947లో అమర్చినది జననము, 1958లో అమర్చినది సిలువ. పుట్టెను, సిలువ వేయబడెను, పరలోకమునకు ఎక్కెను అని మనము ఆదివారమున పలుకు మాటలే అవి.

పగటివేళ బయటి వెలుగు పడినప్పుడే లోపలివారికి ఆ చిత్రములు కనబడును; ప్రొద్దు గ్రుంకిన తరువాత కనబడవు. విశ్వాసప్రమాణమును వల్లించుట మాత్రము చాలదు. దేవుని కృప మనపై ప్రకాశింపవలెను. ఒకే రొట్టె, ఒకే పాత్రయని చెప్పి, వాడలో కులము పాటించినయెడల పొరుగువారికి మనలో ఏ చిత్రము కనబడును? సంఘస్థులారా, మన పిల్లలకు ప్రమాణమును అర్థముతో నేర్పి, మన నడతతో చూపుదము.