పాలెం గ్రహణం, నక్షత్రాల వయసు

1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ కర్ణాటక దాటి వచ్చి, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలను రెండు నిమిషాలకు పైగా చీకటిలో ముంచింది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జపాల్-రంగాపూర్ వేధశాల కూడా అదే దారిలో పడింది. నాగర్‌కర్నూలు సమీపంలోని పాలెంలో విడిది చేసిన అమెరికా హై ఆల్టిట్యూడ్ అబ్జర్వేటరీ శాస్త్రజ్ఞులు సూర్యుని చుట్టూ వ్యాపించిన అతి పలుచని వేడి వాయుమండలాన్ని, అంటే కరోనాను, గోర్డన్ న్యూకిర్క్ రూపొందించిన కెమెరాతో చిత్రించారు. 1949లో ఖగోళ శాస్త్రజ్ఞులు వేణు బప్పు, బార్ట్ బోక్‌లతో కలిసి తోకచుక్కను కనుగొన్న న్యూకిర్క్ ఈయనే. కరోనా వెలుగు సూర్యబింబం అంచు నుంచి దూరం పోయేకొద్దీ వేల రెట్లు క్షీణిస్తుంది గనుక, నడుమ దట్టంగా, చుట్టూ పలుచగా ఉండే వడపోత గాజును అమర్చి లోపలి కాంతినీ వెలుపలి కాంతినీ ఒకే ఫిల్ముపై పట్టారు. సూర్యమచ్చలు ఉద్ధృతంగా ఉన్న కాలం కావడంతో కరోనా కిరణాలు అన్ని దిక్కులకూ విచ్చుకుని కనిపించాయి.

కరోనా నుంచి నిరంతరం వెలువడే సౌర పవనం అయస్కాంత క్షేత్రం సాయంతో సూర్యుని భ్రమణ వేగాన్ని కొద్దికొద్దిగా హరిస్తుంది. అందువల్ల సూర్యుని వంటి నక్షత్రం ఎంత మెల్లగా తిరిగితే అంత పాతదని ఊహించవచ్చు. పాలెం వచ్చిన సంస్థకే చెందిన ఆండ్రూ స్కుమానిచ్ 1972లో ప్రధానంగా కృత్తికలు, రోహిణి పరిసరాల్లోని హయడీస్ అనే నక్షత్ర గుచ్ఛాలు, సూర్యుడు అనే ఆధారాలతో, భ్రమణ వేగం వయసు వర్గమూలానికి విలోమానుపాతంలో తగ్గుతుందని ప్రతిపాదించాడు. ఇంత కొద్ది ఆధారం మీద నిలిచిన సూత్రం దశాబ్దాల పాటు చెల్లుబాటు కావడం విశేషమే.

2009లో అంతరిక్షానికి వెళ్లిన కెప్లర్ దూరదర్శిని, మచ్చలు ఎదుటికి వచ్చినప్పుడల్లా వెలుగు తగ్గే తీరును నమోదు చేయడంతో, వేలాది నక్షత్రాల భ్రమణ కాలాలు తెలిశాయి. అక్కడే మెషీన్ లెర్నింగ్ ప్రవేశించింది: నక్షత్ర గుచ్ఛాల ద్వారానో, ఉపరితల కంపనాల ద్వారానో వయసు ముందే నిర్ణయమైన నక్షత్రాలను కంప్యూటరుకు చూపితే, అది భ్రమణానికీ రంగుకూ వయసుకూ మధ్య పొంతనను పసిగట్టి, కొత్త నక్షత్రాలకు అన్వయిస్తుంది. అయితే చూపిన ఉదాహరణలకు మించిన జ్ఞానం దానికి రాదు. నడివయసు దాటిన నక్షత్రాలు అనుకున్నంతగా నెమ్మదించడం లేదని 2016లో తేలడంతో, యువ గుచ్ఛాలపై నేర్చిన లెక్కలు ముసలి నక్షత్రాలను అసలు వయసు కంటే చిన్నవిగా చూపే ప్రమాదం బయటపడింది. ఉల్కాశిలల రేడియోధార్మికతను బట్టి సుమారు 457 కోట్ల సంవత్సరాలని నిర్ధారణ అయిన సూర్యుని వయసే ఇప్పటికీ ఈ లెక్కలన్నిటికీ గట్టి ఆధారం.