బోరుకు వచ్చిన బండి: ఆయిల్ తాగే ఇంజన్లు, బోరింగ్ షెడ్ల చరిత్ర

మోటారు కారు పుట్టిన తొలి దశాబ్దాల్లో ఇంజన్ ఆయిల్‌ను ఖర్చు చేయడం లోపంగా లెక్కకు వచ్చేది కాదు. అప్పటి ఇంజన్లలో చాలావాటికి ఆయిల్ చుక్క చుక్కగా అందే ఏర్పాటు ఉండేది; బేరింగులను, సిలిండరు గోడలను ఒకసారి తడిపిన ఆయిల్ కొంత మంటలో కాలిపోయేది, మిగిలినది రోడ్డు మీద కారిపోయేది, దాన్ని తిరిగి పట్టి వాడుకునే ఏర్పాటు లేదు కనుక డ్రైవరు పెట్రోలుతో పాటు ఆయిల్ డబ్బానూ వెంట ఉంచుకునేవాడు. ఇంజన్ అడుగున సంపు అనే తొట్టిని బిగించి, పంపు ద్వారా ఆయిల్‌ను పైకి పంపి, పని ముగిసిన ఆయిల్ మళ్లీ అదే తొట్టిలోకి జారేలా చేసిన పద్ధతి స్థిరపడిన తరువాతే, పోసిన ఆయిల్ పోసినట్టే ఉండాలనే అంచనా యజమానుల్లో ఏర్పడింది. మట్టం తగ్గడం రోగలక్షణమైంది అప్పుడే. ఆ లక్షణాన్ని కనిపెట్టి చికిత్స చేసే వృత్తి, కొత్త కారు దొరకడం గగనమైన 1950ల నుంచి 1980ల దాకా భారతదేశంలో కారు ఆయుష్షునే నిర్ణయించే స్థాయికి ఎదిగింది.

ఈ చరిత్రకు కేంద్రం పిస్టన్ రింగు. పిస్టన్‌కూ సిలిండరు గోడకూ మధ్య ఉన్న సందును మూయడానికి, ఒకచోట తెగి ఉండి తన బిగువుతో తానే గోడను ఒత్తే లోహపు వలయాన్ని 1850ల తొలినాళ్లలో ఆవిరి యంత్రాల కోసం రూపొందించినవాడు జాన్ రామ్స్‌బాటమ్ అనే బ్రిటిష్ రైల్వే ఇంజనీరు. పెట్రోలు ఇంజన్‌లో పైన ఉండే కంప్రెషన్ రింగులు మండే వాయువు కిందికి జారకుండా ఆపుతాయి. వాటి కింద ఉండే ఆయిల్ రింగు గోడకు అంటిన ఆయిల్‌ను గీకి సంపులోకి దించుతూ, పై రింగులు ఎండిపోకుండా ఒక పలుచని పొరను మాత్రం వదులుతుంది. గీకడం మరీ ఎక్కువైతే లోహం లోహాన్ని ఒరుసుకుంటుంది, తక్కువైతే ఆయిల్ మంటలోకి చేరి నీలి పొగగా బయటికి వస్తుంది; కాబట్టి కొద్దిపాటి ఆయిల్ ఖర్చు ఇంజన్ స్వభావంలోనే ఉంది, ఎంత దాటితే అతి అనే ప్రశ్నకు మాత్రం ఒక్కో కాలం ఒక్కో జవాబు చెప్పింది.

సిలిండరు గోడ అంతటా ఒకే తీరున అరగదు. పై రింగు ఆగి వెనుదిరిగే చోట వేడి ఎక్కువ, ఆయిల్ పొర పలుచన, పైగా వాయు పీడనం రింగును గోడకేసి గట్టిగా నొక్కుతుంది. అందుచేత అరుగుదల అక్కడే ముదిరి, రింగు చేరని పైఅంచు అలాగే నిలిచి, వేలితో తడిమితే తెలిసే మెట్టు ఒకటి ఏర్పడుతుంది. కనెక్టింగ్ రాడ్డు వాలుగా తోయడం వల్ల పిస్టన్ భారం ఒక పక్కకే పడుతుంది కనుక గుండ్రంగా ఉండాల్సిన బోరు, అంటే సిలిండరు లోపలి రంధ్రం, క్రమంగా అండాకారానికి తిరుగుతుంది. 1930ల్లో బ్రిటన్‌లో జరిగిన పరిశోధనలు, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు గోడల మీద చేరే తేమ, దానితో కలిసే ఆమ్లాలు లోహాన్ని తినేయడం ఈ అరుగుదలకు పెద్ద కారణమని చూపాయి. చలిదేశాలకు ఆ నిర్ధారణ సరిగ్గా సరిపోతుంది గాని, మట్టి రోడ్ల కాలపు తెలుగు నేల మీద ఇంజన్‌కు అసలు శత్రువు దుమ్మే అనడం న్యాయం. దుమ్ములోని ఇసుక రేణువు గాలితో పాటు సిలిండరులోకి చేరి, రింగుకూ గోడకూ మధ్య చిక్కుకుని, కదలిన ప్రతిసారీ రెండింటినీ గీస్తుంది. దాన్ని ఆపడానికి ఆనాటి కార్లలో వాడిన ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనరు, అంటే లోపలికి వచ్చే గాలిని ఆయిల్ మీదుగా మలుపు తిప్పి దుమ్మును అందులో పడేసే గిన్నె, వేళకు కడిగి కొత్త ఆయిల్ పోస్తేనే పనిచేసేది. ఆ శ్రద్ధ లేని బండ్లు ఎంతో ముందుగానే పొగ పట్టేవి.

రెండో ప్రపంచ యుద్ధం ఈ అరుగుదలను మరో మెట్టు ఎక్కించింది. అప్పటికే నిజాం రాజ్యంలో 1932లో 27 బస్సులతో ప్రభుత్వ రోడ్డు రవాణా మొదలైంది. కోస్తా జిల్లాల్లో రవాణా ప్రైవేటు బస్సు యజమానుల చేతుల్లో ఉండేది. యుద్ధకాలంలో పెట్రోలుకు రేషను రావడంతో, బస్సు వెనుక ఒక పొయ్యి బిగించి, అందులో బొగ్గును సరిపోనంత గాలితో మండించి, వెలువడే కార్బన్ మోనాక్సైడు కలిసిన వాయువును ఇంజన్‌కు ఇంధనంగా పంపే పద్ధతి వ్యాపించింది. బొగ్గు బస్సులుగా జ్ఞాపకాల్లో మిగిలినవి ఇవే. ఆ వాయువును చల్లార్చి వడకట్టినా సన్నని బూడిద, మసి కొంత సిలిండర్లలోకి చేరేవి, ఆయిల్‌ను చిక్కబరిచి బురదగా మార్చేవి, రింగులను పిస్టన్ గాళ్లలోనే బిగుసుకుపోయేలా చేసేవి. బిగుసుకున్న రింగు గోడను ఒత్తలేదు కనుక ఆయిల్‌ను గీకనూ లేదు. యుద్ధం ముగిశాక సైన్యం వేలం వేసిన జీపులు, లారీలు పట్టణాలకు చేరాయి, వాటిలో చాలావాటికి విడిభాగాలు దొరికేవి కావు. సాధారణ లేత్ పనివారు మోటారు పనిలోకి రావడానికి ఈ రెండు పరిస్థితులూ దారితీశాయని భావించవచ్చు. యుద్ధకాలపు రవాణా గురించి రాసినవారు ఇంధన కొరతను వర్ణించినంతగా ఇంజన్ల లోపల జరిగిన ఈ విధ్వంసాన్ని పట్టించుకోకపోవడం ఒక లోటు.

స్వాతంత్ర్యానంతర విధానం ఆ వృత్తికి స్థిరమైన పునాది వేసింది. దేశంలో తయారీ కార్యక్రమం లేని సంస్థలు కొనసాగరాదని 1953లో టారిఫ్ కమిషన్ సిఫారసు చేయడంతో, విడిభాగాలు తెచ్చి ఇక్కడ బిగించే జనరల్ మోటార్స్, ఫోర్డ్ తమ కర్మాగారాలను మూసుకున్నాయి. హిందుస్థాన్ మోటార్స్, ప్రీమియర్ ఆటోమొబైల్స్, మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ మిగిలాయి. కొత్త కారు కోసం ఏళ్ల తరబడి వేచి ఉండాల్సి రావడంతో, ఆయిల్ తాగే కారును వదిలించుకోవడం కన్నా దాని ఇంజన్‌ను తిరిగి నిలబెట్టడమే మధ్యతరగతి యజమానికీ, టాక్సీ యజమానికీ గిట్టుబాటైంది. పిస్టన్ల తయారీ కూడా స్వదేశంలోనే స్థిరపడింది: మద్రాసులో 1949లో ఇండియా పిస్టన్స్ ఏర్పడింది, తరువాత పటియాలా నుంచి గోయెట్జ్ రింగులు వచ్చాయి. ఒకే రకం ఇంజన్ దశాబ్దాల పాటు మారకుండా ఉండటాన్ని ఆర్థికవేత్తలు స్తబ్ధతగా విమర్శించారు, ఆ విమర్శ సరైనదే. అయితే ఏ చిన్న పట్టణంలోనైనా సరిపడే పిస్టన్ సెట్టు దొరకడానికీ, ఒక ఇంజన్ గుట్టుమట్లు ఒక తరం పనివారికి పూర్తిగా పట్టుబడటానికీ అదే స్తబ్ధత కారణమైందని కూడా గుర్తించాలి.

హిందుస్థాన్ మోటార్స్ వారి అంబాసిడర్ ఇందుకు మంచి ఉదాహరణ. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి ఆధారంగా 1957లో ఆ సంస్థ ఉత్తరపారా కర్మాగారంలో మొదలైన ఈ కారుకు 1959లో అమర్చిన 1,489 సీసీ ఇంజన్‌లో బోరు వ్యాసం 73 మిల్లీమీటర్లు, పిస్టన్ ప్రయాణించే దూరం 88.9 మిల్లీమీటర్లు, వ్యాసం కన్నా ప్రయాణం ఎక్కువైనందున ప్రతి చుట్టుకూ రింగులు ఎక్కువ దూరం గోడను ఒరుసుకునేవి. క్రాంక్ షాఫ్టు వెనుక కొసన, ఈనాటి కార్లలో ఉండే రబ్బరు సీలుకు బదులు, షాఫ్టు తిరిగే దిశకు ఎదురుగా ఆయిల్‌ను వెనక్కి నెట్టే మెలి గాడి ఉండేది. బేరింగు అరిగి సందు పెరిగిందంటే ఆ గాడి ఆయిల్‌ను ఆపలేక క్లచ్ హౌసింగ్ నుంచి కారనిచ్చేది. వాల్వు కాడల దగ్గర ఉన్న చిన్న రబ్బరు రింగులు వేడికి గట్టిపడితే పైనుంచి ఆయిల్ సిలిండరులోకి జారేది. ఒకే కారులో ఆయిల్ మూడు దారుల్లో పోవచ్చు కనుక, ఏ దారిన పోతోందో తేల్చడమే మేస్త్రీ నైపుణ్యానికి మొదటి పరీక్ష.

ఆ తేల్చే పద్ధతులు పుస్తకాల్లోనూ ఉన్నాయి గాని, షెడ్లలో అవి చూపు, వాసన, వేళ్ల ద్వారా సాగేవి. బండి నిలిచిన చోట నేల మీద మరక ఉందంటే అది లీకు. మరక లేకుండా మట్టం తగ్గితే ఆయిల్ కాలుతోందని అర్థం. కాసేపు నిదానంగా తిరిగి, లేదా ఘాటు దిగి, మళ్లీ యాక్సిలరేటర్ తొక్కిన క్షణాన ఒక్కసారిగా నీలి పొగ వచ్చి ఆగితే అనుమానం వాల్వు కాడలు కదిలే గైడ్ల మీదికి పోయేది, ఎందుకంటే యాక్సిలరేటర్ వదిలినప్పుడు సిలిండరులో ఏర్పడే శూన్యం పైనుంచి ఆయిల్‌ను లాగుతుంది. బరువు లాగుతున్నంతసేపూ పొగ కొడుతూ, ఆయిల్ పోసే మూత తీయగానే లోపలినుంచి వాయువు బుసకొడితే, మేస్త్రీల భాషలో బ్యాక్ కంప్రెషన్ వస్తున్నట్టు, అంటే రింగులను దాటి వాయువు కిందికి దిగుతున్నట్టు. గేజి ఉన్నచోట మరో పరీక్ష చేసేవారు: స్పార్క్ ప్లగ్గు తీసి కంప్రెషన్ కొలిచి, చెంచాడు ఆయిల్ లోపలికి వదిలి మళ్లీ కొలిస్తే, ఆ ఆయిల్ రింగుల సందును తాత్కాలికంగా మూసి అంకె పెరిగితే లోపం రింగులదీ బోరుదీ, పెరగకపోతే వాల్వులదీ.

లోపం బోరుదని తేలిన ఇంజన్‌ను బోరుకు వచ్చిందనేవారు. హెడ్డు విప్పి, పిస్టన్లు తీసి, బ్లాకును బోరింగ్ షెడ్డుకు చేర్చాక, అక్కడి మేస్త్రీ డయల్ గేజితో ప్రతి బోరునూ పైన, నడుమ, కింద, అడ్డంగానూ నిలువుగానూ కొలిచి, అన్నిటికన్నా ఎక్కువ అరిగిన బోరు ఏ కొలతకు శుభ్రపడుతుందో లెక్కగట్టేవాడు. బ్రిటిష్ సంప్రదాయపు ఇంజన్లకు పెద్ద సైజు పిస్టన్లు అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన 10, 20, 30, 40 థౌలలో, మెట్రిక్ ఇంజన్లకు పావు మిల్లీమీటరు చొప్పున పెరుగుతూ వచ్చేవి. ఒక్క బోరు చెడినా నాలుగింటినీ ఒకే సైజుకు కొట్టేవారు, ఎందుకంటే పిస్టన్ల బరువు తేడాపడితే ఇంజన్ అదురుతుంది. బోరింగ్ బారు కోసిన గోడను ఆఖరున హోనింగ్ రాళ్లతో అడ్డదిడ్డంగా సన్నని గీతలు పడేలా రుద్దేవారు. ఆ గీతల్లో ఆయిల్ నిలుస్తుంది, కొత్త రింగులు గోడకు అమరడానికి అవే ఆధారం. గోడ మరీ నునుపుగా ఉంటే రింగు కుదురుకోక, బోరు కొట్టించిన బండే మళ్లీ ఆయిల్ తాగేది. ఖర్చుపెట్టిన యజమాని ఆగ్రహానికి చాలాసార్లు కారణం ఈ చివరి అరగంట పనిలో తొందరే. చివరి సైజు కూడా దాటిన బ్లాకులోకి పోత ఇనుప గొట్టాన్ని స్లీవుగా బిగించి, దాన్ని మళ్లీ తొలి కొలతకు కోసి ఇంజన్‌కు కొత్త ఆయుష్షు పోసేవారు. ఆ తరువాత కొన్ని వందల కిలోమీటర్లు నెమ్మదిగా, బరువు పెట్టకుండా నడపడం యజమాని బాధ్యత.

ఈ పనికి భారీ యంత్రాలు కావాలి కనుక బోరింగ్ షెడ్లు ఒకచోట గుమికూడాయి. 1960ల్లో విజయవాడ తూర్పు అంచున రూపుదిద్దుకున్న జవహర్ ఆటోనగర్ అలాంటి చోట్లలో ప్రసిద్ధం. లారీ బాడీలు కట్టేవారు, లేత్ పనివారు, క్రాంకు గ్రైండింగ్ షెడ్లు, స్ప్రింగు పట్టీల కమ్మర్లు, పాత సామాను దుకాణాలు పక్కపక్కనే ఉండటంతో ఒక ఇంజన్ ఒకే ఆవరణలో విడిపోయి మళ్లీ జతకూడగలిగేది. పని నేర్చుకోవడం అప్రెంటిస్ పిల్లవాడు ఆయిల్ పాత్రలు కడగడంతో మొదలై, ఏళ్ల తరువాత గేజి చేతికి రావడంతో ముగిసేది. దేశ పారిశ్రామిక చరిత్రలో కర్మాగారాలకు దక్కిన గౌరవంలో నాలుగో వంతైనా ఈ షెడ్లకు దక్కలేదు; కార్లను తయారుచేసినవారి పేర్లు అందరికీ తెలుసు, వాటిని పాతికేళ్లు నడిపించినవారి చేతులకు పేర్లు లేవు.

బోరు కొట్టించే స్తోమత లేనివారు ఆయిల్‌నే మార్చేవారు. చిక్కదనాన్ని బట్టి ఆయిల్‌కు అంకె ఇచ్చే పద్ధతి 1911లో అమెరికాలో మొదలైంది. 30 నంబరు వాడాల్సిన ఇంజన్‌లో 40, అదీ చాలకపోతే 50 పోస్తే చిక్కని ఆయిల్ రింగులను దాటడం తగ్గి పొగ కొంత సద్దుమణిగేది. పాత కార్ల సంతలో ఇదే కిటుకు మోసమైంది: గేరు బాక్సుకు వాడే 90 నంబరు ఆయిల్ కలిపి, బండిని వేడెక్కించకుండా చూపించి అమ్మేవారు. అనుభవమున్న కొనుగోలుదారు అందుకే ఇంజన్ చల్లగా ఉండగానే వచ్చి, డిప్ స్టిక్ లాగి చిక్కదనాన్ని వేళ్ల మధ్య చూసి, సైలెన్సరు కొసన వేలు తిప్పి పొడి మసి అంటిందా, జిడ్డు మసి అంటిందా అని పరిశీలించి, పది కిలోమీటర్లైనా నడపనివ్వని బండిని విడిచిపెట్టేవాడు.

1983 డిసెంబరులో మారుతి 800 రావడం, 1990ల్లో పరిశ్రమ తలుపులు తెరుచుకోవడం, పాత ఇంజన్‌ను నిలబెట్టడమే గిట్టుబాటనే లెక్కను మార్చేశాయి. 1995లో నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు కేటలిటిక్ కన్వర్టరు, అంటే పొగగొట్టంలోని విషవాయువులను శుద్ధిచేసే పరికరం, తప్పనిసరైంది. కాలిన ఆయిల్‌లోని భాస్వరం ఆ పరికరాన్ని పాడుచేస్తుంది కనుక ఆయిల్ పోస్తూ నెట్టుకురావడం ఇక చవక మార్గం కాలేదు. ఇంధనం ఆదా కోసం రింగుల బిగువు తగ్గించడంతో 2000ల తరువాత కొన్ని కొత్త ఇంజన్లే ఆయిల్ తాగసాగాయి. అమెరికాలో టయోటా 2.4 లీటర్ల ఇంజన్ ఒకటి ఇలాగే వివాదమై, 2015లో సంస్థ వారంటీని పొడిగించి, 1,200 మైళ్లకు 1 క్వార్టు కన్నా ఎక్కువ ఖర్చయ్యే ఇంజన్లకు పిస్టన్లు, రింగులు మార్చింది. అయితే వెయ్యి కిలోమీటర్లకు 1 లీటరు దాకా సహజమేనని కొన్ని తయారీ సంస్థలు ఇప్పటికీ తమ పుస్తకాల్లో రాస్తున్నాయి. నాలుగు లీటర్లు పట్టే సంపుకు అది చిన్న భాగం కాదు, పాత కారు కొన్నవారికి ఆ వాక్యం ఏ రక్షణా ఇవ్వదు.

పలుచని లైనర్లతో పోతపోసిన అల్యూమినియం బ్లాకుల్లో, ప్రత్యేక పూతలు పూసిన బోర్లలో కోయడానికి లోహం మిగలదు. అలాంటి కారు ఆయిల్ తాగితే నేటి షెడ్డు సూచించేది చాలావరకు హాఫ్ ఇంజన్ మార్పు, అంటే బ్లాకు, పిస్టన్లు, క్రాంకు కలిసిన కింది సగాన్ని మొత్తంగా మార్చడం. అంబాసిడర్ తయారీ 2014లో ఆగింది. బోరింగ్ బార్లు మాత్రం ఆగలేదు: మోటారు సైకిళ్ల సిలిండర్లు, ట్రాక్టర్ల లైనర్లు, పొలాల్లోని డీజిల్ పంపుల బ్లాకులు వాటి కిందికి వస్తూనే ఉన్నాయి, వాటి బోర్లనూ పైన, నడుమ, కింద, అడ్డంగా, నిలువుగా అదే వరసలో కొలుస్తున్నారు.