ప్రసవానంతర కుంగుబాటు

కాన్పు తర్వాత కొందరు తల్లులకు వచ్చే డిప్రెషన్. ప్రసవమైన మూడు నాలుగు రోజులకు చాలామంది బాలింతలకు ఊరికే ఏడుపు రావడం మామూలే. రెండు వారాల్లోపు అదే తగ్గిపోతుంది. తగ్గకపోతే జబ్బుగానే చూడాలి. పక్కన బిడ్డ ఆదమరిచి నిద్రపోతున్నా తల్లికి కునుకు పట్టదు. అన్నం సయించదు. బిడ్డను ఎత్తుకోవాలనిపించదు, అలా అనిపించనందుకు తనను తానే నిందించుకుంటుంది. పథ్యం, నలుగు, స్నానం అన్నీ దగ్గరుండి చూసుకునే పుట్టింటివాళ్లు కూడా దీన్ని బాలింత నీరసమనుకుని వదిలేయడం విచారకరం.

కాన్పుతో హార్మోన్లు ఒక్కసారిగా పడిపోవడం, నిద్రలేమి, గతంలో డిప్రెషన్ వచ్చి ఉండటం, ఆడపిల్ల పుట్టిందన్న సాధింపు దీనికి దారితీస్తాయి. 1987లో వెలువడిన ఎడిన్‌బరో ప్రశ్నావళిలోని 10 ప్రశ్నలతో దీన్ని ముందే పసిగట్టవచ్చు. కౌన్సెలింగ్‌తో చాలామంది కోలుకుంటారు. తీవ్రమైతే మందులు అవసరం. డాక్టరు సలహాతో సెర్ట్రలిన్ వంటివి వాడుతూనే బిడ్డకు పాలివ్వవచ్చు. రాత్రిపూట బిడ్డను భర్తో అత్తో చూసుకుని, తల్లిని కొన్ని గంటలు కదపకుండా నిద్రపోనివ్వడమూ వైద్యమే. చనిపోవాలన్న, బిడ్డకు హాని చేయాలన్న ఆలోచన వచ్చినా, లేని మాటలు వినిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరులో తెలుగులోనూ ఉచితంగా సలహా దొరుకుతుంది.